తినని చేపకు గాలమెందుకు?

పోయిన ఆగస్టులో మా మావయ్య ఇంగ్లండు వచ్చినప్పుడు ఒక తెల్లవారుజామున ఆయనను దక్షిణ తీరంలోని చెసిల్ బీచ్‌కు తీసుకువెళ్ళాను. సౌతాంప్టన్ నుంచి కారులో దాదాపు రెండు గంటల దారి. కోనసీమలో సముద్రానికి కూతవేటు దూరంలో పుట్టి పెరిగిన మనిషి. ఇసుక లేని తీరాన్ని చూడడం ఆయనకు అదే మొదలు. గులకరాళ్ళ గుట్ట మీద అడుగు వేసినప్పుడల్లా కాలు చీలమండ దాకా దిగబడుతుంటే, నీళ్ళ అంచుకు కాస్త ఎగువన ఒకచోట కుదురుగా కూర్చుని, నేను గాలం విసరడం మొదలుపెట్టిన దగ్గర నుంచి ఏమీ మాట్లాడకుండా చూస్తూ ఉన్నారు.

ఏడు గంటలు దాటాక గర్నార్డ్ అనే చేప ఒకటి పడింది. జానెడున్నర ఉంటుంది. నీళ్ళలోంచి పైకి తీయగానే గుర్రుగుర్రుమంది. మావయ్య లేచి వచ్చి, వంగి, ఆ శబ్దం చేపదేనని నిర్ధారించుకునే దాకా చెవి ఒగ్గి విన్నారు. తడిచేత్తో పట్టుకుని, పెదవి అంచున తగులుకున్న గాలాన్ని తీసి, చేపను నీళ్ళలో వదిలాను. అది ఒక్క క్షణం అక్కడే ఆగి, రెక్కలు రెండూ విప్పి, లోతులోకి జారిపోయింది.

“ఇది తినే చేపేనా?” అని అడిగారు.

“తినే చేపే మావయ్యా, చాలా బాగుంటుంది.”

“మరి తిననప్పుడు గాలం ఎందుకు వేశావురా?”

ఇదొక ఆట అని ఆ రోజు నేను చెప్పిన సమాధానం ఆయనకే కాదు, నాకూ తృప్తినివ్వలేదు. ఈ వ్యాసం ఆ సమాధానాన్ని సరిచేసుకునే ప్రయత్నం. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఒడ్డున నిలబడి గర్నార్డ్‌ను పట్టదలచుకుంటే తేలిక రాడ్‌తో, కృత్రిమ ఎరతో పట్టడమే సరైన పద్ధతి. అందులో సరదా ఎక్కువ అన్నందుకు కాదు. చేప గాలానికి తగిలిన తరువాత కూడా, దాన్ని చంపాలా వద్దా అన్న నిర్ణయం మన చేతిలో మిగిలేది ఆ పద్ధతిలోనే కనుక.

అడుగు తెలిసే రాడ్

చెసిల్ 29 కిలోమీటర్ల పొడవున సాగే గులకరాళ్ళ కట్ట. పడమటి కొసన వెస్ట్ బే దగ్గర శనగగింజంత ఉండే రాయి, తూర్పున పోర్ట్‌లాండ్ చేరేసరికి పిడికిలంత అవుతుంది. ఒడ్డు నిటారుగా దిగుతుంది కాబట్టి పెద్ద దూరం విసరకుండానే లోతైన నీరు అందుతుంది. తీరం నైరుతి ముఖంగా ఉండడం వల్ల నైరుతి గాలి వీచిన రోజున అక్కడ నిలబడడమే ప్రమాదం. ఈశాన్యపు గాలి రెండు మూడు రోజులు నిలకడగా వీస్తే మాత్రం సముద్రం చెరువులా సద్దుమణిగి, నీరు తేటపడుతుంది. గర్నార్డ్ కళ్ళతో వేటాడాలంటే ఆ తేటదనం కావాలి. వేసవి నడుమ నుంచి సెప్టెంబరు చివరి దాకా అలాంటి ఉదయాల కోసమే నేను వాతావరణ సూచనలు చూస్తుంటాను.

బ్రిటన్ తీరంలో గర్నార్డ్‌లు ప్రధానంగా మూడు రకాలు: బూడిదరంగుది, ఎర్రది, అన్నింటికంటే పెద్దగా పెరిగే టబ్ గర్నార్డ్. చెసిల్‌లో నేను వెతికేది టబ్ గర్నార్డ్ కోసం. ఒడ్డు నుంచి పట్టినవాటిలో బ్రిటన్ రికార్డు 12 పౌండ్ల 3 ఔన్సులు, అంటే అయిదున్నర కిలోలు. 1976లో వేల్స్‌లోని లాంగ్‌లాండ్ బేలో పడింది. నా గాలానికి పడేవి అందులో పదో వంతు కూడా తూగవు. అయినా నీళ్ళలో రెక్క విప్పినప్పుడు దాని లోపలి వైపున కనిపించే రంగు, పట్టుచీరల అంగడిలో నెమలికంఠం అంటారే, అచ్చంగా అది. అంచున సన్నని నీలి జరీ గీసినట్టుంటుంది. గట్టున పడేసిన చేపలో ఆ రంగు నిమిషాల్లో మసకబారుతుంది. నీళ్ళలో చూసినవాళ్ళకే అది తెలుసు.

నేను వాడేది ఏడున్నర అడుగుల రాడ్. అయిదు నుంచి ఇరవై గ్రాముల బరువు విసరడానికి తగినది. రీల్‌లో సన్నని అల్లిక దారం, దాని చివర నిలువెత్తు పొడవున ఎనిమిది పౌండ్ల బరువు దాకా తెగకుండా ఆగే ఫ్లోరోకార్బన్ అనే దారం, ఆ చివర ఇరవై గ్రాముల లోపు మెటల్ జిగ్, అంటే చిన్న చేపలా కనిపించే లోహపు ఎర. జిగ్‌తో వచ్చే మూడు కొక్కేల గాలాన్ని తీసేసి, ఒంటి గాలం తగిలించి, దాని మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పటకారతో నొక్కేస్తాను. సముద్రం మరీ ప్రశాంతంగా ఉన్నప్పుడు జిగ్ బదులు పది గ్రాముల జిగ్‌హెడ్‌కు, అంటే తల దగ్గర బరువున్న గాలానికి, రెండున్నర అంగుళాల రబ్బరు పురుగు.

విసరడంలో గొప్ప ఏమీ లేదు. పని అంతా ఆ తరువాతే. జిగ్ అడుగుకు దిగే దాకా వేలి మీద దారం జారనిచ్చి, అది నేలను తాకిన క్షణాన్ని పట్టుకోవాలి. పిదప రాడ్‌ను ఒక పక్కకు మెల్లగా లాగి, ఆపి, వదులైన దారాన్ని చుట్టి, మళ్ళీ లాగాలి. గులకరాళ్ళ మీద జిగ్ నడుస్తున్నంతసేపు చేతికి కరకరమని తెలుస్తుంది. కొంత దూరంలో ఆ కరకర ఉన్నట్టుండి ఆగి, తడిబట్టను నేల మీద ఈడ్చినట్టు మెత్తబడుతుంది. అది ఇసుక. గర్నార్డ్ ఉండేది అక్కడ. జిగ్ ఇసుకలో లేపిన చిన్న మబ్బు పీతో రొయ్యో కదిలినట్టు కనిపిస్తుంది కాబోలు. ఆపిన క్షణంలో టకటకమని రెండు దెబ్బలు, తరువాత బరువు. గట్టు మీద నిలబడి, కంటికి కనిపించని నేలను చేత్తో తడిమి తెలుసుకోవడం బరువైన రాడ్‌తో కుదరదు. నూట యాభై గ్రాముల సీసపు గుండు విసిరే పన్నెండు అడుగుల బీచ్ రాడ్ చేతికి బరువునే చెబుతుంది కానీ, అడుగున ఉన్నది రాయో ఇసుకో చెప్పదు.

కాళ్ళతో రుచి చూసే చేపకు రుచి లేని ఎర

ఇక్కడ నాకే ఒక అనుమానం చాలాకాలం పీడించింది. గర్నార్డ్‌కు ఒక్కో రెక్క ముందు భాగంలో మూడేసి ముళ్ళు పొర నుంచి విడివడి, కాళ్ళలా వంగి, నేల మీద నడవడానికి పనికివస్తాయి. నడవడానికే కాదు, తడమడానికీ రుచి చూడడానికీ కూడా. అట్లాంటిక్‌కు ఆవలి గట్టున సీ రాబిన్ అని పిలిచే దీని బంధువుల మీద 2024లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చిన పరిశోధన నేను రెండుసార్లు చదివాను. తొట్టెలో ఇసుక కింద పాతిపెట్టిన ఆల్చిప్పలను, చివరికి వాటి రసాన్ని, విడి అమైనో ఆమ్లాలను సైతం ఒక జాతి చేప ఈ కాళ్ళతోనే పసిగట్టి తవ్వి తీసింది. పక్క జాతి చేప కాళ్ళు నడకకే పనికివచ్చాయి తప్ప తవ్వకానికి కాదు. అంటే ఈ కుటుంబంలో అందరి కాళ్ళూ ఒకేలా పనిచేయవు.

మరి కాళ్ళకు నాలుక ఉన్న చేప ముందు ఏ రుచీ లేని లోహపు ముక్కను ఈడ్చడం దాన్ని మోసగించడమే కాదా? నాతోపాటు చెసిల్‌కు వచ్చే ఒక పెద్దాయన ఈ మాటే అంటారు. ఆయన దృష్టిలో రాగ్‌వర్మ్ అనే సముద్రపు పురుగునో, మేకరల్ ముక్కనో గుచ్చి వేస్తే, చేపకు కనీసం తినదగినది ఏదో ఎదురవుతుంది. ఎర వేసినవాళ్ళకు చేపలు ఎక్కువ పడతాయన్నది కూడా నిజమే. ఆ లెక్కలో నేను ఎప్పుడూ ఆయన వెనకే.

కానీ మోసం అన్న మాట ఎరకూ వర్తిస్తుంది. గాలం దాచిన పురుగు చేపకు పెట్టిన భోజనం కాదు. నాకు తేడా కనిపించేది మరొకచోట. కదిలే జిగ్‌ను చేప చూసి, తరిమి, కొడుతుంది. నోటిలోకి తీసుకున్న మరుక్షణం అది ఆహారం కాదని తెలుసుకుని ఉమ్మేయబోతుంది. గాలం తగిలేది ఆ లోపలే, కాబట్టి పెదవికో దవడ అంచుకో తగులుతుంది. కదలకుండా అడుగున పడి ఉన్న పురుగు రుచి చేపకు అబద్ధం చెప్పదు. అందుకే చేప దాన్ని మింగుతుంది.

మింగిన గాలం

ఈ తేడా నేను పుస్తకంలో నేర్చుకున్నది కాదు. నాలుగేళ్ళ క్రితం, తేలిక రాడ్ కొనకముందు, అదే తీరంలో బీచ్ రాడ్‌కు రాగ్‌వర్మ్ గుచ్చి, ముక్కాలి స్టాండుకు ఆనించి, ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగుతూ కూర్చున్నాను. అలల ఊపుకు రాడ్ కొన ఊగుతూనే ఉంది. చేప తగిలిందో లేదో తెలియలేదు. ఇరవై నిమిషాల తరువాత ఎర మార్చుదామని చుట్టేసరికి, గుండు వెనకాల జానెడు కూడా లేని గర్నార్డ్ పిల్ల వేలాడుతూ వచ్చింది. దారం నేరుగా గొంతులోకి వెళ్ళిపోయి ఉంది. గాలం ఎక్కడుందో కనిపించలేదు.

దారం నోటి దగ్గర కోసి వదిలితే కొన్ని చేపలు బతుకుతాయని చదివి ఉన్నాను కాబట్టి అలాగే కోసి వదిలాను. అది నీటి మీద పక్కకు తిరిగి తేలింది. మళ్ళీ పట్టుకుని నిటారుగా నిలిపి వదిలాను. మళ్ళీ తేలింది. మొప్పల కింద నుంచి సన్నగా నెత్తురు. మూడోసారికి చేతిలోకి తీసుకుని, తలపై కొట్టి చంపి, ఇంటికి తెచ్చి, తినడానికి రెండు ముక్కలు కూడా రాని ఆ చేపను తిన్నాను. పారేయడానికి మనసొప్పలేదు. ఆ రోజు చేప పిల్లను వదలాలో ఉంచుకోవాలో నేను నిర్ణయించలేదు. నేను టీ తాగుతుండగా గాలమే నిర్ణయించింది.

ఇక్కడ ఎర వేసేవాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. రాడ్ చేతిలోనే పట్టుకుని, తగిలిన వెంటనే లాగి, చేప మింగే వ్యవధి ఇవ్వనివాళ్ళు ఉన్నారు. వంపు తిరిగిన సర్కిల్ హుక్ వాడేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పద్ధతిలో ప్రమాదం తగ్గుతుంది. తినడానికే వచ్చి, నాలుగు చేపలు పడగానే సర్దుకుని పోయేవాళ్ళకు నా వాదన అసలు అక్కర్లేదు. నా అభ్యంతరమల్లా ఎర వేసి, రాడ్‌ను స్టాండుకు అప్పగించి, పడినదాన్ని పడ్డాక చూద్దామనుకునే అలవాటు మీద. ఒకప్పుడు నా అలవాటే అది.

తేలిక అంటే ఎంత తేలిక

అలాగని తేలిక రాడ్‌ను నెత్తిన పెట్టుకునేవాళ్ళు చెప్పే అన్ని మాటలూ నేను ఒప్పుకోను. జపాన్ నుంచి వచ్చిన లైట్ రాక్ ఫిషింగ్ పద్ధతి ఇక్కడ చాలామందిని ఆకట్టుకుంది. రెండు గ్రాముల బరువుతో, జుట్టంత దారంతో రేవు గోడల పక్కన వేలెడంత చేపలను పట్టడంలో ఎంతో నైపుణ్యం ఉంది. కానీ దారం ఎంత సన్నదైతే చేపకు అంత న్యాయం జరిగినట్టు మాట్లాడడం మాత్రం నాకు అర్థం కాదు. సన్న దారంతో చేపను లాగడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఆ ఎక్కువ సేపూ అలసిపోయేది చేపే.

ఆ పద్ధతి మోజులో నేను కూడా ఒక వేసవి అంతా నాలుగు పౌండ్ల ఫ్లోరోకార్బన్‌తో చెసిల్‌కు వెళ్ళాను. చెసిల్ రేవు గోడ కాదు. చేపను అంచు దాకా తెచ్చాక, వెనక్కి పోయే అల గులకరాళ్ళతో సహా దాన్ని లాక్కుపోతుంది. చేప బరువుకు అల బరువు తోడవుతుంది. ఆగస్టు నెలాఖరున, నేను చూసినవాటిలో పెద్దదైన గర్నార్డ్ సరిగ్గా ఆ అంచులోనే దారం తెంపుకుని పోయింది, నా జిగ్‌ను నోట కరుచుకునే. దారం తెగిన చప్పుడు కూడా రాలేదు. చేప పోయిందన్న బాధ ఆ సాయంత్రానికి తీరింది కానీ, దాని నోట ఉన్న గాలం సంగతి ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ గాలానికి అప్పట్లో నేను ముల్లు నొక్కలేదు. ఎనిమిది పౌండ్లకు మారింది, ముల్లు నొక్కడం మొదలుపెట్టింది ఆ తరువాతే.

సీసం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హంసలు మింగి చనిపోతున్నాయని 1987 నుంచి బ్రిటన్‌లో మంచినీటి చేపల వేటకు చిన్న సీసపు గుండ్లు నిషేధించారు. సముద్రానికి ఆ నిషేధం లేదు. ఇసుక మీద జిగ్ తట్టుకుని తెగిపోవడం రాతి నేల మీద కంటే చాలా అరుదు, అయినా పీతల బుట్టల తాళ్ళకు ఏటా ఒకటో రెండో సమర్పించుకుంటూనే ఉన్నాను. అందుకని ఖరీదెక్కువైనా జిగ్‌హెడ్‌లు టంగ్‌స్టన్‌వే కొంటున్నాను. రబ్బరు పురుగుకు మాత్రం నా దగ్గర సమాధానం లేదు. తెగితే అది సముద్రంలోనే ఉండిపోతుంది. జిగ్‌తో పని జరిగే రోజున దాన్ని బయటికి తీయను.

లెక్కలోకి రాని చేప

మేకరల్ కోసం వచ్చినవాళ్ళకు చెసిల్‌లో గర్నార్డ్ దారితప్పి పడే చేప. అరడజను గాలాలకు ఈకలు కట్టిన దారాన్ని విసిరి, అడుగుకు కాస్త ఎక్కువ జారనిస్తే అది తగులుతుంది. దాని తల నిండా ఎముక కవచం, మొప్పల మూతల మీద ముళ్ళు. మా ఊరి కాలువలో జెల్ల ముల్లు గుచ్చుకుని రాత్రంతా చెయ్యి సలుపుతుంటే ఏడ్చిన నాకు చేపను ఎక్కడ పట్టుకోవాలో చిన్నప్పుడే తెలిసింది. తెలియనివాళ్ళు గర్నార్డ్‌ను చూసి భయపడి, బూటుతో తొక్కి గాలం లాగడం నేను చూశాను. పడిన మేకరల్‌తో ఫోటో తీసుకున్న మనిషి, అదే చేత్తో గర్నార్డ్‌ను గులకరాళ్ళ మీదికి విసిరేయడమూ చూశాను.

ఇంగ్లండులో ఈ చేపకు చాలాకాలం దక్కిన గౌరవం అంతే. కార్న్‌వాల్‌లో పీతలకు, లాబ్‌స్టర్లకు పెట్టే బుట్టల్లో ఎరగా వాడేవారు. ఇంగ్లిష్ ఛానెల్ దాటితే ఫ్రెంచివాళ్ళు దీన్ని గ్రొందాఁ అని పిలిచి బుయ్యాబేస్ పులుసులో వేసుకుంటారు. ఆ పేరుకు మూలం గుర్రుమనే అర్థమున్న క్రియ. గర్నార్డ్ అన్న పేరూ అలాంటి మాట నుంచే పుట్టింది. మన గురక కూడా చెవికి దగ్గరగా వినిపిస్తుంది కానీ, చుట్టరికం ఏమీ లేదు, చప్పుడును విన్న చెవులు ఎక్కడైనా ఒకటే అంతే.

ఇప్పుడు పరిస్థితి మారుతోంది. ఈశాన్య అట్లాంటిక్‌లో మేకరల్ తగ్గిపోవడంతో, 2026లో దాని వేటను 70 శాతం తగ్గించాలని అంతర్జాతీయ సముద్ర పరిశోధక మండలి 2025 సెప్టెంబరులో సూచించింది. కాడ్‌కు బదులుగా గర్నార్డ్ తినండని వంటల వాళ్ళు చెప్పడం చాలా ఏళ్ళుగా ఉన్నదే. కాడ్‌కూ మేకరల్‌కూ ఉన్నట్టు గర్నార్డ్‌కు కోటా లేదు. ఒడ్డున పట్టే సీబాస్‌ను 42 సెంటీమీటర్ల లోపు ఉంటే వదిలేయాలని చట్టం చెబుతుంది; నేను పట్టిన గర్నార్డ్ ఎంత చిన్నదైనా నన్ను అడిగేవారు లేరు. సముద్రంలో గాలం వేయడానికి ఇంగ్లండులో లైసెన్సు కూడా అక్కర్లేదు. అడిగేవారు లేనిచోట పట్టే పద్ధతే అడ్డుకట్ట కావాలని నేను అనుకోవడానికి కారణం ఇదే. ఒంటి గాలం, ముల్లు లేని గాలం, పెదవికే తగిలే ఎర: ఇవి చట్టం చేయని పనిని కొంత చేస్తాయి. ఒడ్డు నుంచి తేలిక రాడ్‌తో పట్టే నాలాంటివాళ్ళ వల్ల సముద్రానికి జరిగే నష్టం ట్రాలర్ల ముందు ఏపాటిదని ఒక స్నేహితుడు అన్నాడు. నిజమే. కానీ నా చేతిలో ఉన్నది ట్రాలర్ కాదు, రాడ్.

మళ్ళీ మావయ్య దగ్గరికి

ఇంత రాశాక కూడా మావయ్య ప్రశ్నలో సగానికి నా దగ్గర జవాబు లేదని ఒప్పుకోవాలి. బాగా వదలడం వేరు, వదలడానికే పట్టడం వేరు. పెదవికి తగిలినా, తడిచేత్తో పట్టినా, అర నిమిషంలో వదిలినా, ఆ చేప పడిన కలత కలతే. దాన్ని “ఆట” అనడం ఆయనకు నచ్చలేదు, ఆలోచించగా నాకూ నచ్చడం లేదు. వాళ్ళ నాన్నగారు కాలువ గట్టున బెండు కట్టి, వానపాము గుచ్చి వేసిన గాలం ఇంట్లో పొయ్యి మీద పెట్టిన దాకతో ముడిపడి ఉండేది. కూరకు సరిపడా పడగానే కర్ర చుట్టేసేవారు. ఒక్కటి తక్కువైతే ఇంకాసేపు కూర్చునేవారు తప్ప, ఎక్కువైన తరువాత కూర్చున్నది లేదు.

అందుకని నేను ఒక మార్పు చేసుకున్నాను. తినే ఉద్దేశం లేని రోజున గర్నార్డ్ కోసం వెళ్ళడం మానేశాను. అడుగు దాటనివాటిని, అంటే 30 సెంటీమీటర్ల లోపువాటిని వదులుతాను. అంతకు మించినవి రెండు పడితే, సముద్రం ఎంత బాగున్నా, ఇంకా ఎన్ని ఉన్నాయనిపించినా, జిగ్ విప్పి పెట్టెలో పెట్టేస్తాను. వదలడం ఇప్పుడు ఆటలో భాగం కాదు, ఏరుకోవడంలో భాగం. ఏరుకునే వీలు ఇచ్చింది మాత్రం తేలిక రాడ్, కృత్రిమ ఎరలే. మింగిన గాలంతో ఏరుకోవడం ఉండదు.

మావయ్య తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు మళ్ళీ వెళ్ళాం. ఆ రోజు మొదటిది చిన్నది, వదిలాను. ఆయన ఏమీ అనలేదు. తరువాత పడిన రెండింటినీ అక్కడికక్కడే చంపి, నెత్తురు తీసి, మంచు పెట్టెలో వేశాను. ఇంటికి వచ్చాక చేపలు బాగుచేసే పని ఆయనే తీసుకున్నారు. తలలో సగం చేప ఉందని, ఆ కవచం కత్తికి లొంగడం లేదని విసుక్కుంటూనే, తలలను పారేయనివ్వలేదు. వాటిని విడిగా మరగబెట్టి, ఆ నీళ్ళు వడకట్టి, చింతపండు పులుసులో కలిపారు. ముక్కలు చివర్న వేశారు. గట్టి కండ కావడంతో అవి పులుసులో చెదరలేదు. పీత పులుసుకు వచ్చే తీపి లాంటిదేదో అందులోకి దిగింది. మరుసటి రోజు ఉదయం మిగిలిన పులుసును అన్నంలో కలుపుకుంటూ, “ఆ చిన్నదాన్ని వదిలావు కదా, అది బతికి ఉంటుందంటావా?” అని అడిగారు. పెదవికే తగిలింది మావయ్యా, బతికే ఉంటుందని చెప్పాను.